టోనీ హాన్‌కాక్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి

బ్రిటిష్ హాస్యనటులు అనగానే మన పాఠకులకు ముందుగా చార్లీ చాప్లిన్, ఆ తరవాత మిస్టర్ బీన్ గుర్తుకు వస్తారు. మాటలతో పెద్దగా పని లేని హాస్యం కనుక వారిద్దరూ ఏ భాషవారికైనా సులభంగా దగ్గరయ్యారు. వారిద్దరికీ నడుమ, 1950వ దశకంలో బ్రిటన్‌లో ఇంటింటా వినిపించిన టోనీ హాన్‌కాక్ పేరు మాత్రం మన దాకా దాదాపుగా రాలేదు. ఆయన హాస్యమంతా మాటలోనూ, మాటకూ మాటకూ మధ్య ఉండే మౌనంలోనూ ఉంటుంది. పైగా అది యుద్ధం ముగిసిన తరవాతి ఇంగ్లండులో, చేతిలో డబ్బు లేకపోయినా దర్జాకు లోటు రానీయని దిగువ మధ్యతరగతి మనిషి మాట. ఏ సన్నాహమూ లేకుండా ఏదో ఒక భాగం పెట్టుకుని వింటే ఇందులో ఏముందని అనిపించే ప్రమాదం ఉంది. కొద్దిపాటి సన్నాహంతో, ఒక వరుసలో వింటే మాత్రం విడిచిపెట్టబుద్ధి కాదు. ఆ వరుసను సూచించడానికే ఈ వ్యాసం.

మొదటే ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. హాన్‌కాక్ గురించి ఎక్కడ వెతికినా అన్నిటికంటే ముందు ఎదురయ్యేది ఆయన మరణం. 1968 జూన్‌లో, 44 ఏళ్ల వయసులో, సిడ్నీ నగరంలో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఈ విషయం దాచవలసినది కాదు. అయితే చాలామంది రచయితలు దీన్నే తాళంచెవిగా పట్టుకుని, ఆయన నవ్వించిన ప్రతి వాక్యంలోనూ రాబోయే విషాదానికి సూచన వెతుకుతారు. అది ఆయనకూ న్యాయం చేయదు, ఆయన కోసం అక్షరం అక్షరం పేర్చిన రచయితలకూ న్యాయం చేయదు. కాబట్టి జీవితచరిత్రలను చివరికి అట్టేపెట్టుకుని, ముందు రేడియో, ఆ తరవాత టెలివిజన్, ఆపైన సినిమాలు అనే వరుసలో వెళ్లాలని నా సూచన. ఇందులో మరొక చిక్కు కూడా ఉంది. నటుడి పేరూ, పాత్ర పేరూ ఒకటే. ఈ వ్యాసంలో మనిషిని 'ఆయన' అనీ, పాత్రను 'అతడు' అనీ రాస్తాను. వినేటప్పుడు కూడా ఈ తేడాను మనసులో ఉంచుకోవడం మంచిది.

ముందుగా తెలియవలసిన కొంత జీవితం

వినడానికి కూర్చునే ముందు 1954 వరకు ఆయన జీవితం స్థూలంగా తెలిస్తే చాలు. ఆయన 1924 మే 12న బర్మింగ్‌హామ్ నగరంలోని హాల్ గ్రీన్‌లో పుట్టారు. మూడేళ్ల వయసులో కుటుంబం దక్షిణ సముద్రతీరంలోని బోర్న్‌మత్‌కు తరలివెళ్లింది. అక్కడ తండ్రి హోటలు నడుపుతూ, తీరికవేళల్లో వేదికలమీద హాస్య ప్రదర్శనలు ఇచ్చేవారు. హాన్‌కాక్ చిన్నతనంలోనే ఆ తండ్రి కన్నుమూశారు. బ్రాడ్‌ఫీల్డ్ కళాశాలలాంటి పేరున్న విద్యాసంస్థలో చేరినా, హాన్‌కాక్ పదిహేనేళ్లకే చదువు మానేశారు. 1942లో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరి, సైనికులకు వినోదం పంచే రాల్ఫ్ రీడర్ గ్యాంగ్ షో బృందంలో పనిచేశారు.

యుద్ధం ముగిశాక ఆయన లండన్‌లోని విండ్‌మిల్ థియేటర్‌లో ప్రదర్శనలిచ్చారు. ఆ థియేటరుకు జనం వచ్చేది వేదికమీద కదలకుండా నిలబడే నగ్న సుందరుల కోసం. నడుమ వచ్చే హాస్యగాడిని పట్టించుకునేవారు తక్కువ. అలాంటి ప్రేక్షకుల ముందు నిలదొక్కుకున్నవారికి ఆ తరవాత ఏ వేదికా కష్టం కాలేదు. ఆ తరం బ్రిటిష్ హాస్యనటుల్లో పలువురు అక్కడ రాటుదేలినవారే. 1951లో 'ఎడ్యుకేటింగ్ ఆర్చీ' అనే రేడియో కార్యక్రమంలో ఆయనకు ఆర్చీకి పాఠాలు చెప్పే మాస్టారి పాత్ర దొరికింది. ఆర్చీ మనిషి కాదు, పీటర్ బ్రో అనే కళాకారుడు ఆడించే బొమ్మ. పెదవి కదపకుండా బొమ్మతో మాట్లాడించే విద్యను, పెదవులే కనిపించని రేడియోలో లక్షలాదిమంది విని ఆనందించారంటే, ఆనాటి శ్రోతలు రేడియోను ఎంతగా ఊహించుకుంటూ వినేవారో అర్థమవుతుంది.

అదే కాలంలో ఆయనకు ఇద్దరు యువ రచయితలు పరిచయమయ్యారు. రే గాల్టన్, అలన్ సింప్సన్ ఇద్దరూ కౌమారంలోనే క్షయవ్యాధి బారినపడి సర్రేలోని మిల్‌ఫర్డ్ శానిటోరియంలో చికిత్స పొందుతూ అక్కడే స్నేహితులైనవారు. నెలల తరబడి మంచంపట్టి రేడియో వింటూ గడిపిన ఆ ఇద్దరే తరవాత 'హాన్‌కాక్స్ హాఫ్ అవర్' రాశారు. విసుగు గురించి, వర్షం పడే మధ్యాహ్నాల గురించి, నాలుగు గోడల మధ్య ఊరికే కూర్చోవడం గురించి వారికి ఎందుకంత బాగా తెలుసో ఈ ఒక్క విషయంతో తేటపడుతుంది. హాన్‌కాక్‌ను వినడమంటే వారిద్దరినీ వినడం కూడా.

మొదటి భాగం ఏది

'హాన్‌కాక్స్ హాఫ్ అవర్' 1954 నవంబరు 2న బీబీసీ వారి వినోద రేడియో ప్రసారమైన లైట్ ప్రోగ్రామ్‌లో మొదలై 1959 డిసెంబరు వరకు ఆరు సీరీస్‌లుగా, వందకు పైగా భాగాలతో నడిచింది. అంతకుముందు రేడియో హాస్యమంటే నడుమ ఒక పాట, ఒక వాద్యబృందం, విడివిడి చమక్కులు, ప్రతివారం వినిపించే ఊతపదం. గాల్టన్, సింప్సన్, నిర్మాత డెనిస్ మెయిన్ విల్సన్ కలిసి వీటన్నిటినీ పక్కనబెట్టి అరగంటపాటు ఒకే కథను, మనుషుల స్వభావాల నుంచే పుట్టే హాస్యాన్ని ప్రయత్నించారు. ఆ ప్రయత్నం మొదటిరోజే కుదరలేదు. తొలి సీరీస్‌లలో కథలు ఊహాతీతంగా సాగుతాయి, కెనెత్ విలియమ్స్ రకరకాల గొంతులతో కడుపుబ్బ నవ్విస్తారు, ఊతపదాలూ వినిపిస్తాయి. అందుకే 1954 నాటి మొదటి భాగంతో మొదలుపెట్టవద్దని చెబుతున్నాను.

1958 ఏప్రిల్ 22న ప్రసారమైన 'సండే ఆఫ్టర్‌నూన్ ఎట్ హోమ్'తో మొదలుపెట్టండి. దానికి ముందు తెలియవలసిన నేపథ్యం ఒక్కటే: ఆనాటి ఇంగ్లండులో ఆదివారం అంటే దుకాణాలు మూసి ఉండే రోజు, నాటకాలు ఆడని రోజు, పబ్బులు కూడా మధ్యాహ్నం మూసివేసే రోజు. బయట వర్షం పడుతున్నప్పుడు ఇంట్లో చిక్కుకున్నవారికి చేయడానికి ఏమీ ఉండదు. ఈ భాగంలో జరిగేది కూడా అంతే, అంటే ఏమీ జరగదు. ఈస్ట్ చీమ్ అనే ఊహాప్రాంతంలో, 23 రైల్వే కటింగ్స్ అనే చిరునామాలో, అతడూ, అతడి మిత్రులు సిడ్, బిల్, ఇంటి పనులు చూసే మిస్ ప్యూ కూర్చుని ఉంటారు. అతడు ఒక నిట్టూర్పు విడుస్తాడు. కొంతసేపటికి మరొకరు విడుస్తారు. టైమెంతయిందని అడుగుతాడు, చెప్పిన జవాబు విని, ఇంకా అంతేనా అని నీరసపడతాడు. మధ్యాహ్నం తిన్న భోజనంలోని గ్రేవీ గురించి ఫిర్యాదు మొదలవుతుంది, ఎందుకంటే తన తల్లి చేసిన గ్రేవీ కనీసం పళ్లెంలో అటూ ఇటూ కదిలేది. గోడకాగితం మీది పువ్వుల డిజైన్‌ను ఒకే దృష్టితో చూస్తే అందులో ముఖాలు కనిపిస్తాయని కాసేపు కాలక్షేపం చేస్తారు. చివరికి పొరుగింటాయన ఊడిపడతాడు.

దీన్ని మూడుసార్లు వినవలసిందిగా సలహా ఇస్తున్నాను, మూడుసార్లూ మూడు విధాలుగా. మొదటిసారి ఎక్కడా ఆపకుండా, స్క్రిప్టు ముందు పెట్టుకోకుండా వినండి. సగం మాటలు అందకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే నిట్టూర్పు స్వరం అర్థం కావడానికి భాష అక్కరలేదు. రెండోసారి అందని మాటల దగ్గర ఆపి, వెనక్కి తిప్పి వినండి. మూడోసారి మాటలను వదిలేసి ఖాళీలను మాత్రమే వినండి. రేడియోలో రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం వస్తే శ్రోత సెట్టు పాడైందనుకుంటాడని అప్పటివరకూ అందరూ భయపడేవారు. ఇక్కడ నిశ్శబ్దం తరవాత నిశ్శబ్దం వస్తుంది, ప్రతిదాని చివరా స్టూడియోలోని ప్రేక్షకులు ఇంకాస్త గట్టిగా నవ్వుతారు. ఆ నవ్వు ఎప్పుడు మొదలవుతుందో గమనించండి: చాలాసార్లు అతడు నోరు తెరవకముందే మొదలవుతుంది. ఆకాశవాణి నాటికలు శ్రద్ధగా విన్న తరానికి ఈ పద్ధతిలో వినడం కొత్తగా నేర్పనక్కరలేదు.

మాట అందడానికి కావలసినవి

తరవాతి వరుసలో 'ది వైల్డ్ మ్యాన్ ఆఫ్ ది వుడ్స్', 1959 నాటి 'ది పొయెట్రీ సొసైటీ' వినండి. రెండోదానిలో అతడు కొత్తతరం కవుల సంఘంలో సభ్యుడిగా చేరి పెద్ద మేధావిలా మాట్లాడతాడు. సిడ్, బిల్ అక్కడికక్కడ నోటికొచ్చింది అల్లి చెబితే ఆ కవులంతా పరవశించిపోతారు, అతడి కవిత్వాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. సాహిత్య సభలకు వెళ్లే అలవాటున్న తెలుగు పాఠకుడికి ఈ భాగంలో వివరణ అవసరమయ్యే చోటు ఒక్కటీ ఉండదనుకుంటాను.

మిగిలిన భాగాలకు మాత్రం కొన్ని సంగతులు చేతిలో ఉండాలి. డబ్బు లెక్క మొదటిది: 1971 వరకు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. అతడు అర్ధ క్రౌన్ కోసం అంత రాద్ధాంతం చేస్తున్నాడంటే అది రెండున్నర షిల్లింగులని తెలిసి ఉండాలి. బ్రిటన్‌లో ఆహార రేషను పూర్తిగా ఎత్తివేసింది 1954 జూలైలో, అంటే కార్యక్రమం మొదలు కావడానికి నాలుగు నెలల ముందు మాత్రమే. తిండి గురించి వీళ్లంతా అంత తీవ్రంగా ఎందుకు వాదించుకుంటారో దాన్నిబట్టి గ్రహించవచ్చు. నిర్బంధ సైనిక శిక్షణ కూడా అప్పటికింకా అమల్లో ఉంది, యుద్ధంలో తాను చేసిన వీరకార్యాల గురించి అతడు కోసే కోతలు ఆ కాలపు మగవారందరికీ తెలిసిన కోతలే.

అన్నిటికంటే ముఖ్యమైనది యాస. అతడి పూర్తి పేరు ఆంథొనీ అలోషియస్ సెయింట్ జాన్ హాన్‌కాక్. పేరులో ఉన్న ఆ ఆడంబరమే గొంతులోనూ ఉంటుంది: పెద్దవారి ముందు పదాలను సాగదీసి, హుందాగా పలుకుతాడు, కోపం రాగానే ఆ హుందాతనం జారిపోయి వీధి మాట బయటపడుతుంది. ఆ జారే క్షణాన్ని పట్టుకోగలిగితే హాన్‌కాక్ హాస్యంలో సగం చేతికి అందినట్టే. పక్కన ఉన్న సిడ్ జేమ్స్ దక్షిణాఫ్రికాలో పుట్టిన నటుడు, బిల్ కెర్ ఆస్ట్రేలియాలో పెరిగినవాడు, మిస్ ప్యూగా నటించే హ్యాటీ జాక్స్, కెనెత్ విలియమ్స్ ఇంగ్లండువారు. నాలుగు గొంతులూ నాలుగు రకాలు కావడం వల్ల ఎవరు మాట్లాడుతున్నారో గుర్తించడంలో కొత్త శ్రోతకు ఇబ్బంది ఉండదు.

ఇవి విన్న తరవాత 1955కు వెనక్కి వెళ్లవచ్చు. ఆ ఏడాది ఏప్రిల్‌లో రెండో సీరీస్ మొదలయ్యే సమయానికి హాన్‌కాక్ అందుబాటులో లేరు. తొలి మూడు భాగాల్లో ఆయన స్థానంలో మరో హాస్యనటుడు హ్యారీ సీకోంబ్ నటించారు. ఒత్తిడి ఆయనను ఎంత తొందరగా తాకిందో చెప్పడానికి జీవితచరిత్రకారులు దీన్ని ఎత్తి చూపుతారు. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది, నాలుగో భాగంలో అతడు తిరిగివచ్చి సీకోంబ్‌కు కృతజ్ఞత చెప్పడానికి వెళ్లడాన్నే రచయితలు కథగా మలచిన తీరు. జరిగినదాన్ని దాచకుండా, ఎవరినీ నొప్పించకుండా హాస్యంలోకి మళ్లించడమంటే అదీ.

టెలివిజన్‌లో ముఖాన్ని చదవడం

టెలివిజన్ సీరీస్ 1956 జూలైలో మొదలైంది. 1961లో పేరును 'హాన్‌కాక్' అని కుదించి చివరి బీబీసీ సీరీస్ తీశారు. చూడవలసినది ప్రధానంగా ముఖం. దర్శకనిర్మాత డంకన్ వుడ్ ఆ ముఖాన్ని దగ్గరగా పట్టుకుని వదలరు. ముందుగా 1960 నాటి 'ది మిస్సింగ్ పేజ్' చూడండి. గ్రంథాలయం నుంచి తెచ్చిన అపరాధ పరిశోధక నవలలో చివరి పేజీ చిరిగిపోయి ఉంటుంది, హంతకుడెవరో తెలియక అతడు పడే తిప్పలే కథ. గ్రంథాలయంలో మాట్లాడకూడదు కనుక నవల కథనంతా సిడ్‌కు సైగలతో నటించి చూపే దృశ్యం అందులో ఉంది. రేడియో నుంచి టెలివిజన్‌కు మారేవారికి అంతకన్న మంచి వంతెన లేదు.

ఆ తరవాత 1961 మే 26న ప్రసారమైన 'ది బెడ్‌సిట్టర్'. అప్పటికి ఆయన సిడ్ జేమ్స్‌ను వదులుకున్నారు. అతడు ఈస్ట్ చీమ్ నుంచి ఎర్ల్స్ కోర్టులోని ఒక అద్దె గదికి మారాడు. ఇరవై అయిదు నిమిషాలు, ఒకే గది, ఒకే మనిషి. మంచంమీద పడుకుని సిగరెట్టు పొగతో రింగులు వదలడానికి ప్రయత్నించి పెదవి కాల్చుకుంటాడు. బెర్ట్రండ్ రస్సెల్ తత్వగ్రంథం తెరిచి, మొదటి వాక్యానికే నిఘంటువు తీస్తాడు. నిఘంటువులోని అర్థానికి మళ్లీ అర్థం వెతకవలసి వస్తుంది. పొరపాటున వచ్చిన ఫోన్‌కాల్ నుంచి ఒక అమ్మాయి విందుకు పిలుస్తుంది, అతడు ముస్తాబవుతాడు, మళ్లీ ఫోను మోగి ఆ విందు చేజారిపోతుంది. చూసేటప్పుడు అతడు అద్దంలో తనను తాను చూసుకునే ప్రతిసారీ జాగ్రత్తగా గమనించండి. ఎవరూ చూడని గదిలో కూడా అతడు ఎవరి ముందో ఉన్నట్టే నటిస్తాడు.

'ది రేడియో హామ్' తెలుగువారికి కొంత దగ్గరి విషయం. సొంత పరికరాలతో దూరప్రాంతాలవారితో మాట్లాడే అభిరుచి రేడియోకే హామ్ రేడియో అని పేరు. దాని జాతీయ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, తుఫానుల వేళ హామ్‌ల సేవల గురించి కోస్తా పాఠకులు పత్రికల్లో చదివే ఉంటారు. ప్రపంచమంతా స్నేహితులున్నారని మురిసిపోయే అతడికి సముద్రంలో మునిగిపోతున్న పడవవాడి నుంచి ప్రాణాపాయ సందేశం అందుతుంది. ఆ క్షణంలోనే పెన్సిలు ముక్కు విరుగుతుంది. తక్కినది మీరే చూడండి.

1961 జూన్ 23 నాటి 'ది బ్లడ్ డోనర్'ను అందరూ మొదట చూస్తారు, నేను చివరికి ఉంచాను. కారణం ఉంది. ఆ సీరీస్ నడుస్తుండగా ఆయన ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. మాటలు కంఠతా పట్టే స్థితిలో లేకపోవడంతో, కెమెరాల పక్కన అక్షరాల తెరలు అమర్చి చదువుతూ నటించేలా ఏర్పాటు చేశారు. ఆయన చూపు ఎదుటి నటుడి ముఖం మీద నుంచి కొద్దిగా పక్కకు జారడం, అక్కడే నిలిచిపోవడం శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది. 'ది బెడ్‌సిట్టర్' చూసి ఉంటేనే ఈ తేడా పట్టుబడుతుంది. అయినా ఆ భాగం గొప్పదే. రక్తదానానికి వెళ్లిన అతడు, పరీక్ష కోసం వేలిమీద సూదితో గుచ్చగానే పని అయిపోయిందనుకుని లేచి బయలుదేరతాడు. ఇంకా ఒక పింట్ తీయాలని డాక్టరు చెప్పగానే, అంటే దాదాపు ఒక చేతిలో ఉన్నదంతా కదా అని లెక్కవేస్తాడు. బ్రిటిష్ పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. మన రక్తనిధుల్లో ఒకసారికి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీసుకుంటారు కనుక అతడి భయాన్ని మనం కొలిచి చూసుకోవచ్చు. డాక్టరుగా పాట్రిక్ కార్గిల్, నర్సుగా జూన్ విట్‌ఫీల్డ్ ఎంత తొణకకుండా నటించారో చూడండి. వారు నిలకడగా ఉండడం వల్లే అతడి కంగారు అంతగా పండింది. ఇదే భాగాన్ని ఆయన అదే ఏడాది గ్రామఫోను రికార్డు కోసం మళ్లీ చదివారు. అంతర్జాలంలో దొరికే ఆడియో తరచుగా ఆ రికార్డుదే, టెలివిజన్ ప్రసారానిది కాదు.

విడిపోయిన తరవాత

1960 ఫిబ్రవరిలో జాన్ ఫ్రీమన్ 'ఫేస్ టు ఫేస్' కార్యక్రమంలో హాన్‌కాక్‌ను ఇంటర్వ్యూ చేశారు. పాత్రలు, కథలు అన్నీ చూశాకే దీన్ని చూడండి. తన కళ గురించి నిజాయితీగా, ఇబ్బందిపడుతూ జవాబులిచ్చే ఆలోచనాపరుడు అక్కడ కనిపిస్తారు. ఆ తరవాత ఆయన తనను తాను మితిమీరి పరీక్షించుకున్నారనీ, సహనటులను, రచయితలను ఒక్కొక్కరినీ వదులుకున్నారనీ చాలామంది ఈ ఇంటర్వ్యూనే కారణంగా చూపుతారు. నాకు ఆ వాదన పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ఊతపదాలు వద్దు, విచిత్ర గొంతులు వద్దు, సహజంగా ఉండాలి అన్న తపన ఆయనలో మొదటి నుంచీ ఉంది, 'సండే ఆఫ్టర్‌నూన్'ను సాధ్యం చేసింది కూడా ఆ తపనే.

గాల్టన్, సింప్సన్ రాసిన 'ది రెబెల్' సినిమా 1961లో వచ్చింది. గుమాస్తా ఉద్యోగం వదిలి పారిస్‌కు వెళ్లి చిత్రకారుడయ్యే కథ. అదే ఏడాది చివరికి ఆయన వారితో తెగతెంపులు చేసుకున్నారు. వారిద్దరూ 1962లో 'స్టెప్టో అండ్ సన్' సృష్టించి మరింత పేరు తెచ్చుకున్నారు. ఆయన ఫిలిప్ ఓక్స్‌తో కలిసి రాసి నటించిన 'ది పంచ్ అండ్ జూడీ మ్యాన్' 1963లో విడుదలైంది. విమర్శకులు దీన్ని మెచ్చలేదు, నేను మాత్రం తప్పక చూడమంటాను. సముద్రతీరంలో చేతికి తొడుక్కునే బొమ్మలాడించే మనిషి వర్షానికి ఒక ఐస్‌క్రీమ్ దుకాణంలోకి చేరి, ఎదురుగా కూర్చున్న కుర్రవాడు తినే పద్ధతిని చూసి అచ్చం అలాగే తినే దృశ్యంలో మాట దాదాపుగా లేదు. తండ్రి హోటలు, తీరపు పట్టణం, చిన్న వేదికలమీది వినోదం అన్నీ తెలిసిన మనిషి తీసిన సినిమా అది.

తరవాతి ఏళ్లను త్వరగా దాటవచ్చు. ఇతర చానెళ్లలో చేసిన సీరీస్‌లు పాత స్థాయిని అందుకోలేదు, మద్యం పెరిగింది, రెండు వివాహాలు చెడిపోయాయి. 1968లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన సీరీస్ మూడు భాగాలతోనే ఆగిపోయింది. జీవితచరిత్ర చదవదలిస్తే ఇప్పుడు చదవండి. అప్పటికి ఆయన గొంతు మీ చెవిలో స్థిరపడి ఉంటుంది కనుక, ఎవరో చెప్పిన విషాదం దాన్ని కప్పివేయలేదు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి బీబీసీ రేడియో 4 ఎక్స్‌ట్రా పునఃప్రసారాలు అందుబాటులో ఉంటాయి, తక్కినవారు బీబీసీ విడుదల చేసిన సీడీలు, ఆడియో సంకలనాల మీద ఆధారపడాలి. అన్ని భాగాలూ దొరకవు. ఆ రోజుల్లో టేపు ఖరీదైనది కావడంతో ఒకే టేపును తుడిచి మళ్లీ వాడేవారు, ప్రత్యక్ష ప్రసారాలను అన్నివేళలా భద్రపరచలేదు. టెలివిజన్ భాగాల్లో మూడో వంతుకు మించి పోయాయి, రేడియోలోనూ కొన్ని పోయాయి. పోయిన రేడియో భాగాల స్క్రిప్టులు మిగిలి ఉండడంతో 2014 నుంచి 'ది మిస్సింగ్ హాన్‌కాక్స్' పేరుతో వాటిని ప్రేక్షకుల సమక్షంలో మళ్లీ రికార్డు చేశారు, హాన్‌కాక్‌గా కెవిన్ మెక్‌నల్లీ నటించారు. వీటిని మొదట పెట్టుకోవద్దు. అసలు భాగాలు కొన్నయినా బాగా విన్న తరవాత వింటే, మెక్‌నల్లీ ఏ విరామాన్ని అచ్చంగా పట్టుకున్నారో, ఎక్కడ తన సొంతదిగా మలిచారో మీకే తెలుస్తుంది. స్క్రిప్టులో రచయితలు రాసినది ఎంతో, హాన్‌కాక్ గొంతు కలిపినది ఎంతో విడదీసి చూసే అవకాశం ఈ రికార్డింగుల్లో ఉంది.